కాకి కబురు

"ఏరా, బతికే ఉన్నావా?" అంటూ దేముడమ్మ నవ్వుకుంటూ గుమ్మం దాటింది.

పద్మనాభం నుంచి తొలి బస్సెక్కి, కంచరపాలెం మెట్టు దగ్గర దిగి, ఎండ ముదరకముందే నడిచి వచ్చేసింది. చేతిలో నువ్వులనూనె సీసా ఉంది. పెద్ద పనేదో ముగించుకొచ్చిన తృప్తి ముఖమంతా ఉంది. ఉప్మా తింటున్న సాయిశంకర్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"తిను, తిను. ముందు తిను. తరవాత తలంటుతాను," అని తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. "నా పని నాను సేసీసినానురా. సోమారం సాయంత్రం ఏడిసినాను. అలగిలగ కాదు, ఈదీ ఈదంతా వొచ్చీసినాది."

వంటింట్లోంచి సూర్యకళ, ఆ వెనకే ఆశ వచ్చారు. సూర్యకళ ఈ ఇంటి పెద్దకోడలు. ఆశ సాయిశంకర్ భార్య. తోడికోడళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏడవడమేటి వదినా?" అంది సూర్యకళ.

"నంగనాచిలాగ అడక్కే. కాకి కబురు నువ్వు కాదేటి పంపించినావు?"

పదిరోజుల క్రితం మేడ మీద బట్టలు ఆరేస్తుంటే సాయిశంకర్ నెత్తిన కాకి తన్నింది. అలా తన్నితే ఏం చెయ్యాలో ఈ వైపు ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ మనిషి పోయాడని రక్తం పంచుకున్నవాళ్ళకి ఉత్తుత్తి కబురు పంపాలి. వాళ్ళు ఏడవాలి. ఆ ఏడుపుతో రావలసిన గండం తప్పిపోతుంది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పుకుని అందరూ నవ్వుకుంటారు. సూర్యకళ పంపుదామనే అంది. పోర్టులో క్రేను నడిపేవాణ్ణి, కాకి కాలికి భయపడతానా అని సాయిశంకర్ కొట్టిపారేశాడు. అక్కడితో ఆ మాట ముగిసింది.

"మేం ఏ కబురూ పంపలేదు వదినా," అంది సూర్యకళ మెల్లగా.

"సరేలే. కాకి సంగతి మొన్ననే ఆశ ఫోన్లో నోరుజారీసినాది. నాకు తెలుసు. అయినా తెలీనట్టే ఇన్నాను." దేముడమ్మ పీట లాక్కుని కూర్చుంది. ఆమె చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపడం ఎవరి వల్లా కాదు. "మా పక్కింటి శ్రీరామ్మూర్తి ఇంటికి వొచ్చినాది ఫోను. ఎవుడో మగోడు. తెలుగు సరిగ్గా రాదు. సాయిశంకర్ మీకేటవుతాడమ్మా అన్నాడు. తమ్ముడు బాబూ అన్నాను. జీపు బోల్తా పడిపోనాది, ఆసుపత్రిలో ఉన్నాడు, పరిస్థితి బాగునేదు అన్నాడు. నాను ఊరుకుంటానా? అలగ నాన్సకు బాబూ, పోయినాడని తిన్నగా సెప్పు, సగం సగం సెప్తే దోసం పోదు అన్నాను."

ఆమె ఒక్కర్తే పకపకా నవ్వింది.

"ఆడికి మరి మాట రాలేదు. నా ఏడుపేదో నాను ఏడుత్తాను, నువ్వింక ఫోన్ సెయ్యకు అని పెట్టీసినాను. నిన్న మళ్ళీ రెండు సార్లు సేసినాడంట. ఇంట్లో లేనని సెప్పీమన్నాను శ్రీరామ్మూర్తి పెళ్ళాన్ని. ఎవుడే ఆడు? భలే ఆడినాడు నాటకం. నంబరు కూడా ఇచ్చినాడు."

రొంటిన దోపుకున్న కాగితం ముక్క తీసి ఆశ చేతికిచ్చింది.

ఆశ చదివింది. "సున్నా, నాలుగు, రెండు, మూడు. ఇది మన కోడు కాదక్కా. ఏ ఊరిదో."

"ఊటీది," అన్నాడు సన్యాసిరాజు.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఇంటి పెద్ద సన్యాసిరాజు స్టీలు ప్లాంటులో నైట్ డ్యూటీ దిగి వచ్చి గంట కాలేదు. స్నానానికి బయల్దేరినవాడు బయల్దేరినట్టే తువ్వాలు భుజాన వేసుకుని గది గుమ్మంలో నిలబడిపోయాడు. నోట్లోంచి మాట వచ్చేశాక గాని అది రాకూడని మాటని అతనికి తెలియలేదు.

"నీకెలగ తెలుసు బావా?" అంది సూర్యకళ.

సన్యాసిరాజు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

సూర్యకళ అతనికి మేనమామ కూతురు. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్న మనిషి. మొగుడు అబద్ధం చెప్పబోయేముందు మెడ తుడుచుకుంటాడని ఆమెకు తెలుసు.

"వదినా, నువ్వలగ అరుగు మీద కూకో. గాలొస్తాది. కాఫీ అట్టుకొస్తాను," అని దేముడమ్మను బయటికి పంపింది. నాలుగు గోడల మధ్య సంగతి ఈమె చెవిన పడితే సాయంత్రం బస్సుకే పద్మనాభం చేరుతుంది.

దేముడమ్మ నూనె సీసా పట్టుకుని సంతోషంగానే వెళ్ళింది. మొగుడూ పెళ్ళాల తగువేదో ఉందనుకుంది.

*

గదిలో నలుగురూ నిలబడే ఉన్నారు. ఎవరూ మంచం మీద కూర్చోలేదు.

"ఆ పాయింట్లు," అన్నాడు సన్యాసిరాజు.

ఆ ఒక్క మాట చాలు. పాయింట్ల గోల ఈ ఇంట్లో అయిదేళ్ళుగా ఉన్నదే. తొంభై ఎనిమిదిలో హాలిడే క్లబ్బువాళ్ళు బీచి రోడ్డు హోటల్లో మీటింగు పెట్టి, దంపతులు కలిసి వస్తే బహుమతి అన్నారు. సన్యాసిరాజూ సూర్యకళా వెళ్ళారు. టై కట్టుకున్న కుర్రాడు మూడు గంటలు కదలనివ్వలేదు. ఇరవై అయిదేళ్ళ పాటు ఏటా వారం రోజులు దేశంలో ఏ కొండ మీదైనా ఉండొచ్చన్నాడు. ప్లాంటు ఉద్యోగి అని తెలియగానే సంతకాల కాగితాలు ముందుకు జరిపాడు. బహుమతిగా వచ్చిన సూట్‌కేసులో సూర్యకళ ఇప్పటికీ పాత చీరలు పెడుతోంది.

అయిదేళ్ళలో వెళ్ళింది ఒక్కసారి. అదీ ఊటీయే. చలికి ముక్కు కారుతుంటే ఏడు రోజులూ రూములోనే వండి వార్చి తిరిగొచ్చింది సూర్యకళ. ఇంత దూరం వచ్చి చేసింది వంటేనా అని అప్పుడే అంది. తర్వాత వారాలు పోయి పాయింట్లు వచ్చాయి. వాడుకోకపోతే జూన్ ఆఖరికి మురిగిపోతాయి. వెళ్ళినా వెళ్ళకపోయినా ఏటా మెయింటెనెన్సు మాత్రం కట్టాలి. ఆ లొసుగు పట్టుకున్నాడు జెరాక్సు కొట్టు కన్నబాబు. మురిగిపోయే సరుకు బావా, ఇంకొకడు వాడుకుంటే నీకేటి తరిగిపోద్ది, ఆ మెయింటెనెన్సేదో ఆళ్ళ దగ్గర్నించే వొస్తాది అన్నాడు.

వినడానికి బాగానే ఉంది. కానీ క్లబ్బు కాగితంలో బయటివాళ్ళకి అద్దెకివ్వకూడదని ఉంది. ఇంట్లోవాళ్ళు వెళ్ళొచ్చు, అదీ మెంబరు రాసిస్తేనే. వీళ్ళు నా సొంత మనుషులు, వీళ్ళకి గాని వీళ్ళ వల్ల గాని ఏం జరిగినా బాధ్యత నాది అని సంతకం పెట్టాలి.

"నిరుడు కన్నబాబు పంపిన పార్టీవోళ్ళు రూములో స్టవ్వెలిగించి పరుపు కాల్చీసినపుడు ఏటన్నావు?" అంది సూర్యకళ. గొంతు పెరగలేదు. "నా నెత్తి మీద సెయ్యేసి సెప్పినావు. ఇంక ఎవుళికీ ఇవ్వనని."

"ఈసారి కొత్తగా పెళ్ళయినోళ్ళన్నాడు కన్నబాబు. నెమ్మదస్తులన్నాడు."

"ఎవుళి పేరు రాసినావు?"

అతను తమ్ముడి వైపు చూడలేదు. కిటికీ వైపు చూశాడు.

"నా పేరా?" అన్నాడు సాయిశంకర్.

"నీదీ, ఆశదీ."

"నా రేషన్ కార్డు జెరాక్సు ఎవుడిచ్చాడు?"

"బీరువాలో ఉందిరా."

సాయిశంకర్ నవ్వాడు. కోపం పట్టలేనప్పుడు అతనికి నవ్వే వస్తుంది. "బాగుంది అన్నియ్యా. నాను ఇక్కడ ఉప్మా తింటన్నాను. అక్కడ నాను సచ్చిపోతన్నాను."

"అలగ మాటాడకు," అంది ఆశ.

"మరెలగ మాటాడమంటావ్? ఆడికేటన్నా అయితే సర్టిఫికెట్టు ఎవుళి పేరు మీద ఇత్తారు? రేపు పోర్టు గేటు పాసుకి పోలీసులు నా పేరు అడిగితే ఏటి సెప్పాల? పోయినోడు నాను కానండీ, నాను బతికే ఉన్నానండీ అనాలా?"

ఆశ కిటికీ రెక్క దగ్గరికి లాగింది.

"మన ఫోను నంబరు రాయకుండా వదిన పక్కింటిది ఎందుకు రాసినావు?" అంది సూర్యకళ.

"దగ్గర బంధువు నంబరొకటి రాయమన్నారు. క్లబ్బులో సేరినపుడు మనకి ఫోను లేదు కదా, ఆళ్ళ దగ్గర మన నంబరు లేదు. మన ఇంటిది రాస్తే క్లబ్బోళ్ళు ఎప్పుడన్నా ఫోన్ సేత్తే నువ్వెత్తుతావని..."

పెళ్ళానికి తెలియకూడదని రాసిన నంబరు. ఆ నంబరుకి మనిషి ప్రాణం మీద ఫోనొస్తే, కాకి కబురనుకుని పెట్టేసింది వదిన. ఎవరిని తిట్టాలో సూర్యకళకి తెలియలేదు. అందుకని ఎవరినీ తిట్టలేదు.

"సోమారం వొచ్చినాది ఫోను," అంది. "ఇయ్యాల బుధారం. అసలు వెళ్ళిందెవుళు బావా? ఏ ఊరోళ్ళు?"

"తెలీదు."

"పేరు?"

"అడగలేదు." తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "తెలిస్తే తెలిసి అబద్ధం రాసినట్టవుద్దని అడగలేదు."

"కన్నబాబుని అడుగు."

"డ్యూటీ నుంచి వొస్తా సూసినాను. రెండ్రోజుల్నించి కొట్టు తియ్యలేదంట."

ఆశ చేతిలోని కాగితాన్ని సూర్యకళ తీసుకుంది. హాల్లో స్టూలు మీదున్న ఫోను దగ్గరికి నడిచింది. రిసీవరు ఎత్తి మొగుడికి అందించింది.

"సెయ్యి," అంది.

*

రెండోసారికి లైను దొరికింది. అవతల ఊటీ క్లబ్బు మేనేజరు. సన్యాసిరాజు పేరు చెప్పగానే అవతలి మనిషి గట్టిగా ఊపిరి పీల్చుకోవడం హాల్లో ఉన్న అందరికీ వినిపించింది.

"సార్, మీరే మెంబరు కదా. మూడు రోజులుగా చేస్తున్నాము సార్. మీ అక్కయ్యగారు ఏదేదో మాట్లాడినారు. మీకు రెండు లెటర్లు కూడా వేసినాము. సార్, మీరు పేషెంటుకి అన్న కదా?"

సన్యాసిరాజు పెదవులు తడుపుకున్నాడు. సూర్యకళ అతని నోటికేసే చూస్తోంది.

"అవును," అన్నాడు. "అన్ననే."

సాయిశంకర్ గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నాడు.

"తలకి దెబ్బ సార్. మొదటి రోజు మాట్లాడినాడు. నిన్నటి నుంచి మాట లేదు. తల లోపల రక్తం గడ్డ కట్టింది. కోయంబత్తూరు తీసుకుపోయి ఆపరేషన్ చెయ్యాలి. దానికి ఇంటివాళ్ళ సంతకం కావాలి. భార్య పెట్టడం లేదు సార్."

"ఎందుకు పెట్టట్లేదు?"

"తెలియదు సార్. ఆమెకి దెబ్బలు లేవు. పక్కనే కూర్చుని ఉంది. పేపరు ఇచ్చి ఆశ అని రాయమ్మా అంటే ఏడుస్తుంది. వేలిముద్ర అయినా వెయ్యమ్మా అంటే చెయ్యి వెనక్కి దాచుకుంటుంది. నేను అది కాదు అంటుంది, మళ్ళీ నోరు మూసుకుంటుంది. మాకు భయంగా ఉంది సార్. సాయంత్రంలోగా తీసుకుపోకపోతే చెప్పలేము అంటున్నారు డాక్టరు. మీరు అన్నగా ఒక ఫ్యాక్సు పంపండి సార్. లేకపోతే పోలీసుకి చెప్పి..."

"ఆగండి," అన్నాడు సన్యాసిరాజు. "పంపుతాను. గంటలో పంపుతాను."

అడిగితే ఇంటి నంబరు చెప్పి రిసీవరు పెట్టేశాడు. అది సరిగ్గా కూర్చోలేదు. ఆశ వచ్చి సర్దింది.

మాట్లాడనక్కర్లేకుండానే నలుగురికీ అర్థమైంది. అక్కడెవరు అడిగినా ఈ పేర్లే చెప్పండి, అసలు పేర్లు బయటపడితే పోలీసులు పట్టుకుంటారు అని కన్నబాబు చెప్పి పంపి ఉంటాడు. నిరుడు వెళ్ళినవాళ్ళకీ అలాగే చెప్పాడు. ఆ పిల్ల ఆ మాటే పట్టుకుని కూర్చుంది. అసలు పేరు చెప్తే జైలు. తనది కాని పేరు రాస్తే పాపం. మధ్యలో మొగుడు పోతున్నాడు.

"నా పేరు పెట్టుకుని ఆ పిల్ల అక్కడ ఒక్కర్తీ ఏడుస్తంది," అంది ఆశ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఫ్యాక్సు పంపేస్తాను," అన్నాడు సన్యాసిరాజు. "మర్రిపాలెంలో ఉంది మిషను. అన్నగా నాను ఒప్పుకుంటన్నానని రాసిచ్చేస్తే ఆపరేషనైపోద్ది. ఆడు బతుకుతాడు. తరవాత సంగతి తరవాత."

"బతక్కపోతే?" అన్నాడు సాయిశంకర్.

"బతుకుతాడురా."

"నువ్వు డాక్టరువా? బతక్కపోతే నా పేరు మీద కాల్చీస్తారు. ఆడి తల్లిదండ్రులు ఆడింకా తిరుగుతన్నాడనుకుంటారు. ఎవుడో తెలీనోడికి నువ్వు అన్నవెలగయ్యావు? నువ్వెవుడివి ఒప్పుకోడానికి?"

"మరేటి సెయ్యమంటావురా? ఫోన్ సేసి ఇదంతా దొంగ కాగితమని సెప్పమంటావా? సెప్తే పోలీసులొస్తారు. రెండ్రోజులు లోపల కూకుంటే ప్లాంటులో సస్పెండు సేసీస్తారు. ఈ ఇల్లెలగ నడుస్తాది?"

"ఇల్లెలగ నడుస్తాదని సంతకం పెట్టినపుడు అనుకోవాల."

"మీరిద్దరూ ఆగండి," అంది సూర్యకళ.

ఆగారు. అరుగు మీద నుంచి దేముడమ్మ నవ్వు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతోంది.

"ఫ్యాక్సు పంపు బావా," అంది సూర్యకళ. "ఆపరేషను ఆగకూడదు. అన్నవని రాయకు. మెంబర్నని రాయి. ఆడి పేరు సాయిశంకర్ కాదని రాయి. ఆ పిల్ల ఏ పేరు రాసినా తీసుకోమని రాయి."

"అలగ రాస్తే నా మెడకి నానే..."

"నీ మెడ గురించే మాటాడుతున్నావు ఇంతసేపట్నించీ."

సన్యాసిరాజు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాడు. ప్లాంటువాళ్ళిచ్చిన క్యాలెండరు. మే నెల.

"రమణమూర్తిగారిని అడిగి వొస్తాను," అన్నాడు చివరికి. రమణమూర్తి ఆ వీధిలో ఉండే వకీలు. "ఎలగ రాస్తే మంచిదో ఆయన సెప్తాడు. పది గంటలకి గాని కోర్టుకెళ్ళడు."

"ఆయన దగ్గర కూకుంటే ఇంకో గంట పోయినట్టే," అంది ఆశ.

అతను చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఒకదానికొకటి తప్పాయి. విప్పి మళ్ళీ పెట్టుకుంటున్నాడు.

*

సూర్యకళ కాఫీ గ్లాసు పట్టుకుని వీధి తలుపు దాకా వచ్చి ఆగింది. తలుపు ఓరగా ఉంది.

అరుగు మెట్టు మీద చేపల తట్ట దించి సీతాలు కూర్చుంది. జాలారిపేట మనిషి. పదిహేనేళ్ళుగా బుధవారం, ఆదివారం ఈ ఇంటికి చేపలు తెస్తుంది. వేట బందు పెట్టిన రోజుల్లో మరబోట్లు కదలవు. తెప్పల మీద వెళ్ళినవాళ్ళు తెచ్చిన నాలుగు కవ్వళ్ళ చేపలే తట్టలో అడుగున ఉన్నాయి.

"సగం సెప్తే దోసం పోదు బాబూ అన్నానే," అంటోంది దేముడమ్మ. ఆ కథ చెప్పడం ఆమెకి ఇది రెండోసారి. మొదటిసారి కంటే బాగా చెప్తోంది. "ఆడు నోరెల్లబెట్టీసుంటాడు."

సీతాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "నిజంగా ఏడుపొచ్చిందేటమ్మా నీకు?"

"ముందు రాలేదు. మా అమ్మని తలుసుకున్నాను. అప్పుడొచ్చినాది."

"నాకొస్తాదో రాదో మరి. మా ముసలోడు సంద్రంలోకెల్లి రానప్పుడు ఏడిసి ఏడిసి నా ఏడుపంతా అయిపోనాది." సీతాలు తట్ట మీద గుడ్డ సర్దింది. "కాని మా కోటిగాడిని కాకి తన్నితే మటుకు నాకు సెప్పాల. ఏడవకపోతే ఎలగ? ఒక్కడే కదా."

"ఎక్కడున్నాడు నీ కొడుకు? బోటు మీదేటా?"

"వేట బందు కదమ్మా. బోటు కట్టీసినారు. మొన్న పెళ్ళి సేసినాం కాదా, పెళ్ళాన్ని తీసుకుని సలి ఊరెల్లినాడు. ఊటీ అంట. సినిమాల్లో సూపిస్తారే, అది. ఇక్కడ కొట్టు కన్నబాబే రూము కుదిరిసినాడు. మాలాటోళ్ళకి ఊటీలేటిరా అన్నాను. సంద్రం తప్ప నువ్వేటి సూసినావమ్మా, నన్నయినా సూడనీ అన్నాడు."

సూర్యకళ చేతిలో గ్లాసు ఒరిగి వేడి కాఫీ వేళ్ళ మీద పడింది. గ్లాసు వదల్లేదు.

"కోడలు మంచిదేనా?" అంది దేముడమ్మ.

"నూకాలా? నోట్లో నాలిక నేదు పాపం. సదువు నేదు. పెళ్ళయ్యాక మా కోటే దానికి పేరు రాయడం నేర్పినాడు. నూకాలు, నూకాలని మా ఇంటి గోడలన్నీ బొగ్గుతో నింపీసినాది. ఆ ఒక్కటే వొచ్చు దానికి. సున్నాలెయ్యాల మళ్ళీ."

ఇద్దరూ నవ్వుకున్నారు.

సూర్యకళ వెనక్కి తిరిగింది. సన్యాసిరాజు రెండడుగుల దూరంలో ఉన్నాడు. గుండీలు పెట్టుకుంటున్న చేతులు పెట్టుకుంటున్నట్టే ఉన్నాయి. అతనూ విన్నాడు. ఆ కోటి చిన్నప్పుడు తల్లి వెనకాల తూనిక గిన్నె మోసుకుని ఈ గుమ్మంలోకే వచ్చేవాడు. సన్యాసిరాజే ఒకసారి వాడికి ప్లాంటు బిస్కట్లిచ్చాడు.

ఆమె తలుపు మీద చెయ్యి వేసింది. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఇప్పుడు కాదు," అన్నాడు లోగొంతుకతో. "నాను రమణమూర్తిగారి దగ్గరికెళ్ళి వొస్తాను. ఆపరేషనైపోనీ. బాగైపోయాక సెప్దాం. ఇప్పుడు సెప్తే ఈదంతా గోల సేస్తాది."

"ఆడి తల్లి మన గుమ్మంలో కూకుంది బావా."

"ఒక్క గంట."

"రాత్రి బండికెక్కితే గాని ఎల్లుండికైనా కొడుకుని సూడలేదు. ఆ గంట నువ్వెక్కడ్నించి తెచ్చిస్తావు?"

అతని వేళ్ళు వదులయ్యాయి. వదిలాడో, ఆమే లాక్కుందో ఇద్దరికీ తెలియదు. సూర్యకళ తలుపు తీసుకుని అరుగు మీదికి వచ్చింది.

"ఏటమ్మా, కాఫీ ఒలకబోసుకున్నావు," అంది సీతాలు. "ఇలగియ్యి. సెయ్యి కాలిందేటి?"

సూర్యకళ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, మెట్టు దిగి ఆమె ఎదురుగా కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే నోరు రాదని తెలుసు.

"సీతాలూ, నా మాట నెమ్మదిగా ఇను. మీ కోటికి దెబ్బ తగిలింది. ఊటీలో జీపు బోల్తా పడింది. ఆసుపత్రిలో ఉన్నాడు. పరిస్థితి బాగులేదు."

సీతాలు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత దేముడమ్మ వైపు చూసింది. దేముడమ్మ ముఖం విప్పారింది.

"సూసినావా," అంది దేముడమ్మ. "నోటితో అనుకున్నావో నేదో, నీకూ వొచ్చీసినాది కబురు. అచ్చం నాకు సెప్పినట్టే సెప్తంది, సగం సగం."

"వదినా, నువ్వూరుకో," అంది సూర్యకళ. "సీతాలూ, ఇది అది కాదు. నిజంగానే..."

"నిజమనే సెప్పాలమ్మా, మరెలగ సెప్తావు," అని సీతాలు ఆమె చేతి మీద తట్టింది. కళ్ళలో నవ్వు అలాగే ఉంది. "ఊటీలో కూడా కాకులున్నాయేటి? మా ఓడు ఫోన్ సేసి సెప్పినాడేటి నీకు? ఆడికి ఈ పట్టింపులు లేవనుకున్నాను. సరే, ఏడుత్తానుండు. ఒక్కడే కొడుకు."

తట్ట పక్కకి జరిపింది. కాళ్ళు చాపుకుని కూర్చుని, కొంగు నెత్తి మీదికి లాక్కుంది. అరచేతులు రెండూ ఎత్తి గుండెల మీద వేసుకుంది.

"ఓరి నా కోటిగా, ఓరి నా కొడకా, సంద్రం సేతికి సిక్కకుండా పెంచినానురా, కొండ సేతికిచ్చీసినానురా..."

గొంతు బాగుంది ఆమెకి. ఎదురింటివాళ్ళు తలుపులు తీసుకుని వచ్చారు. సంగతేమిటో దేముడమ్మ చెయ్యూపి సైగ చేసి చెప్పింది. వాళ్ళూ నవ్వుతూ నిలబడ్డారు. లోపల ఫోను మోగడం మొదలైంది. మోగుతూనే ఉంది. ఓరగా ఉన్న తలుపు వెనక సన్యాసిరాజు కదల్లేదు.

సీతాలు కొంగుతో పొడి కళ్ళు ఒత్తుకుని, తల ఎత్తి సూర్యకళని అడిగింది.

"సాల్దేటమ్మా? మా ఓడి గండం పోయినట్టేనా?"